ఉలిపికట్టె పాఠం

పోయిన నెల ఈ శీర్షికలో ఒక తండ్రికి జవాబిస్తూ, నేరం గురించి బడిలో మనం చెప్పకపోతే ఆ పాఠం సినిమా చెబుతుందని రాశాను. ఆ ఒక్క మాటకు ఎన్నడూ లేనన్ని ఉత్తరాలు వచ్చాయి. కొన్ని మెచ్చుకున్నాయి, కొన్ని మందలించాయి, ఒకటి నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఈసారి పేజీ మొత్తం వాటికే. రాసినవారి పేర్లు, ఇప్పుడుంటున్న ఊళ్లు తీసేశాను. కొత్త పాఠకుల కోసం నా గురించి ఒక్క మాట: ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. అందులో సగం కాలం చీరాల, బాపట్ల మధ్య ఊళ్లలోనే గడిచింది.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మా హైస్కూలులో ఇంటర్ తరగతులు కూడా ఉన్నాయి. సమాజశాస్త్రంలో విచలనం (కట్టుబాటు తప్పడం), నేరం, సామాజిక నియంత్రణ (జనాన్ని కట్టుబాటులో ఉంచడం) పాఠం నా వంతుకు వచ్చింది. బోర్డు మీద ‘విచలనం’ అని రాయగానే పిల్లలు లెక్కల్లోని ప్రామాణిక విచలనం అనుకున్నారు. ‘నేరం’ అనగానే సినిమాల్లోని హత్యలు వరసగా చెప్పడం మొదలుపెట్టారు. పీరియడంతా గోల. ఈ పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మాయీ, ఆ మాటను ఒక వారం పాటు బోర్డు మీదికి రానివ్వకు. దాని బదులు మన సామెత రాయి: ‘ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.’ ఉలిపికట్టె అంటే ఏమిటో నిఘంటువు తెరవకుండానే పిల్లలకు తెలుసు. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరిని ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అనే ఉంటారు. అప్పుడు రెండే ప్రశ్నలు అడుగు. ఆ దారి వేసింది ఎవరు? దాన్ని తప్పినవాడిని ఊరు ఏం చేస్తుంది?

నేను చేసిన పద్ధతి చెబుతాను. బోర్డును సుద్దముక్కతో మూడు భాగాలు చేసేదాన్ని. మొదటి దానిపైన ‘నలుగురూ నవ్వుతారు’, రెండోదానిపైన ‘ఊరు మాట్లాడటం మానేస్తుంది’, మూడోదానిపైన ‘పోలీసులు వస్తారు’ అని రాసేదాన్ని. తర్వాత ఒక్కొక్క పనీ చెప్పి, అది ఎక్కడికి వెళ్తుందో పిల్లల్నే తేల్చమనేదాన్ని. ఎడమచేత్తో అన్నం తినడం. చెప్పులతో గుడి లోపలికి వెళ్లడం. మగపిల్లవాడు జడలో పూలు పెట్టుకోవడం. టికెట్టు లేకుండా రైలెక్కడం. పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేయడం. వేరే కులంలో పెళ్లి చేసుకోవడం. మొదటి నాలుగూ గబగబా సర్దుకుంటాయి. చివరి రెండింటి దగ్గర తరగతి ఆగిపోతుంది. బాల్యవివాహం చట్టం ప్రకారం నేరం, 2006 చట్టం స్పష్టంగా చెబుతుంది. అయినా ఊరు నవ్వదు, మాట్లాడటం మానదు, పెళ్లికి వెళ్లి భోజనం చేసి అక్షింతలు వేసి వస్తుంది. కులాంతర వివాహానికి చట్టం అడ్డు చెప్పదు. ఊరు మాత్రం తలుపు మూసేస్తుంది. ‘మరి తప్పు ఏది టీచర్?’ అని ఒక పిల్ల లేచి అడుగుతుంది. నీ పాఠం ఆ క్షణంలో మొదలవుతుంది. అంతవరకూ చేసింది సిద్ధం కావడమే.

అక్కడి నుంచి రాజమహేంద్రవరం తీసుకెళ్లు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించగలిగింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు ఏమయ్యాయి? జనం భయపడింది జైలుకు కాదు, వెలికి. అటువంటి పెళ్లికి వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవారు రారు, పెళ్లికి వెళ్లి వచ్చినవాళ్లను బంధువులు పంక్తిలో కూర్చోనివ్వరు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి తానే నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. చట్టసభ చేసిన చట్టాన్ని నిలవరించడానికి నీళ్ల బిందె మోయనని నలుగురు అంటే చాలింది. సామాజిక నియంత్రణ బలం ఎంతటిదో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అని అమ్మ రోజూ అనే మాటలో ఉన్న నలుగురు వీళ్లేనని పిల్లలు వెంటనే పోల్చుకుంటారు.

నేరం కాలాన్నిబట్టి ఎలా మారుతుందో చెప్పాలంటే ఒక సీసా చాలు. 1990లో సారా దుకాణం ప్రభుత్వమే వేలం వేసి ఇచ్చే వ్యాపారం. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఆ దుకాణం మూయించారు. ఊరి మగవాళ్ల దృష్టిలో కట్టుబాటు మీరింది ఆ ఆడవాళ్లే. ఆ పోరాటం జిల్లా అంతా పాకి, వేలంపాటలు సాగనివ్వకుండా చేసింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995లో మద్యం మొత్తం నిషిద్ధమైంది. 1997లో సారా తప్ప మిగతా మద్యం దుకాణాలు మళ్లీ తెరిచారు. సీసా అదే, లోపలి సరుకు అదే. ఏడేళ్లలో అది వ్యాపారం, నేరం, మళ్లీ వ్యాపారం అయింది. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను ఒకసారి. ఒక అబ్బాయి వచ్చి, నిషేధం రోజుల్లో వాళ్ల తాత రెండు సీసాలతో దొరికి మూడు రోజులు లాకప్పులో ఉన్నాడనీ, నిషేధం ఎత్తేశాక అదే తాత మద్యం దుకాణంలో లెక్కలు రాశాడనీ చెప్పాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరూ ఆలోచించారు.

అయితే ఇక్కడ ఒక గొయ్యి ఉంది, అందులో నేను మొదటి ఏడాది పడ్డాను. పిల్లలు తెలివైనవాళ్లు. ‘అయితే నేరం అనేది పెద్దవాళ్లు పెట్టిన పేరే, నిజంగా తప్పేమీ లేదన్నమాట’ అనేస్తారు. అనగానే ఆపాలి. సీసా ఉదాహరణ పక్కనే ఒక హత్య పెట్టు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడిని గర్భవతి అయిన భార్య కళ్లముందే, ఆసుపత్రి బయట నరికి చంపారు. కట్టుబాటు నిలబెట్టడానికి చేశామనుకున్నారు చంపించినవాళ్లు. నియంత్రణ పేరుతోనే నేరం జరగవచ్చని పిల్లలకు అక్కడ తెలుస్తుంది. ‘నియమం ఎవరు పెట్టారు’ అనే ప్రశ్న ఒక్కటే సరిపోదనీ, ‘దెబ్బ ఎవరికి తగిలింది’ అని కూడా అడగాలనీ అర్థమవుతుంది. ఈ రెండు ప్రశ్నలూ జంట ఎద్దుల్లాంటివి. ఒక్కదాన్ని కడితే బండి పక్కకు పోతుంది.

సిద్ధాంతాలు ఆఖరున చెప్పు. మహాత్ములు మాత్రమే ఉండే మఠంలో కూడా చిన్న పొరపాటే పెద్ద నేరంగా కనిపిస్తుందని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డ్యూర్ఖైమ్ 1895లో రాశాడు. అప్పటికి పిల్లలకు అది కొత్త మాటగా ఉండదు, తాము చూసినదానికి ఒక పెద్దాయన వేసిన ముద్రలా ఉంటుంది. ఇక అమెరికా సమాజశాస్త్రవేత్త మెర్టన్ 1938లో చెప్పింది వివరించాలంటే పరీక్షల్లో చిట్టీలు చాలు. మంచి మార్కులు రావాలన్న కోరిక అందరికీ ఉంది, చదివించే ఇల్లూ చెప్పే బడీ అందరికీ లేవు. గమ్యం వదలకుండా అడ్డదారి పట్టినవాడు చిట్టీ రాస్తాడు. గమ్యాన్నే వదిలేసినవాడు పరీక్షకు రాడు. ఎవరు ఏ రకమో మీ పిల్లలే చెబుతారు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా అన్నయ్య పదో తరగతి, అదే బడి. జుట్టు పెంచాడని ప్రార్థన సమయంలో అందరి ముందూ మాస్టారు కత్తెరతో నడినెత్తిన కత్తిరించారు. అన్నయ్య నాలుగు రోజులుగా బడికి రావడం లేదు. జుట్టు పెంచడం నేరమా?

జవాబు: కాదు తల్లీ. అది మీ బడి పెట్టుకున్న నియమం. నియమం పెట్టుకునే హక్కు బడికి ఉంది, అది మీ అన్నయ్యకు ముందే తెలుసు కాబట్టి పిలిచి మాట్లాడటం, ఇంటికి కబురు చేయడం తప్పు కాదు. అందరి ముందు కత్తెర పెట్టడం తప్పు. పూర్వం వీధిబడుల్లో కోదండం వేసేవారు. పిల్లవాడిని తాడుకు వేలాడదీసేవారు. ఇవాళ అది వింటే మన ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడు మాత్రం అది సరైన శిక్షణే అనుకున్నారు. నేనూ గోడకుర్చీ వేయించినదాన్నే, దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఒంటి మీద వేసే శిక్షతోపాటు మనసును వేధించే శిక్షనూ నిషేధించింది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కాబట్టి, పదో తరగతి వాడికి వర్తిస్తుందా అని మీ మాస్టారు వాదించవచ్చు. పద్నాలుగేళ్ల వాడిని అవమానించకూడదు కానీ పదిహేనేళ్ల వాడిని అవమానించవచ్చని ఏ గురువూ నమ్మడు. మీ నాన్నగారిని వెంటబెట్టుకుని ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్లండి. అన్నయ్య పదో తరగతి పరీక్ష పోగొట్టుకోకూడదు, ముందు అది చూడండి.

ప్రశ్న: అమ్మా, నా పుట్టిల్లు స్టువర్టుపురం. పెళ్లయి వేరే జిల్లాలో ఉంటున్నాను. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. నేరాల గురించి చెబుతూ వాళ్ల సారు ఉదాహరణగా మా ఊరి పేరు చెప్పారట. తరగతంతా నవ్విందట. వాడు ఇంటికి వచ్చి ‘అమ్మా, అమ్మమ్మ వాళ్లది ఏ ఊరని ఎవరైనా అడిగితే బాపట్ల అని చెబుదాం’ అన్నాడు. నేను వెళ్లి సారును అడగాలా? అడిగితే అందరికీ తెలిసిపోతుందని భయంగా ఉంది.

జవాబు: వెళ్లండమ్మా. తరగతి ముందు కాదు, సాయంత్రం బడి వదిలాక, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు. ఈ పేజీ చేతిలో పట్టుకుని వెళ్లండి. నిద్రపోనివ్వలేదని మొదట చెప్పిన ఉత్తరం ఇదే.

ఆయనకు ఇది చదివి వినిపించండి. మీ ఊళ్లో ఎక్కువగా ఉండే ఎరుకలవారిలో చాలామంది పూర్వం గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి జిల్లాలకు మోసుకెళ్లి ధాన్యానికి మార్చుకునేవారు. బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. రైలు వచ్చింది. ఉప్పు మీద తెల్లవారి ప్రభుత్వం పట్టు బిగించింది. తరతరాల బతుకుతెరువు కొద్ది కాలంలోనే పోయింది. ఊరూరా తిరిగే మనుషులు ఆ ప్రభుత్వానికి అనుమానితులు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఆ చట్టంలోని అన్యాయం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: మనిషి నేరం చేశాడా లేదా అని చూడలేదు, ఏ కడుపున పుట్టాడో చూసింది. ప్రభుత్వం ఒక కులాన్ని జాబితాలో చేర్చిందంటే అందులో పుట్టినవారు వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన చోటే ఉండాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. పొరుగూరికి వెళ్లాలన్నా అనుమతి చీటీ కావాలి. తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని వేరుచేసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది.

చట్టం వచ్చిన కొద్దికాలానికే బాపట్ల, చీరాల మధ్య ఎరుకలవారిని నిఘాలో ఉంచే ఒక సెటిల్‌మెంటు వెలిసింది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. పేరు పెట్టింది మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్‌ది. మీ ఊరి పేరులో మీవాళ్ల పేరు లేదు, మిమ్మల్ని అక్కడ కూర్చోబెట్టిన ప్రభుత్వ అధికారి పేరు ఉంది. మీ సారుకు ఇది తెలిసి ఉండదనే నేను నమ్ముతాను. తెలిసినవాడు ఆ పేరు నవ్వులాటకు వాడలేడు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మద్రాసు ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ జాతులకు విముక్త జాతులు అని పేరు. కాగితం మీద విముక్తి ఒక్కరోజులో వచ్చింది. జనం నోట రాలేదు. జాషువా గారి కుమార్తె హేమలత లవణం, ఆమె భర్త లవణం గారు 1970లలో మీ ఊరు వచ్చి, ఇంటింటికీ తిరిగి, మనుషులతో కూర్చుని మాట్లాడారు. దొంగతనాల్లోకి దిగినవాళ్లను పనిలోకి, పిల్లలను చదువులోకి తిప్పడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. దొంగతనం చేసినవాళ్లు ఆ ఊళ్లో లేరని నేను అనను, మీరూ అనరు. ఊరంతా దొంగలన్నది మాత్రం ప్రభుత్వం చేసిన అబద్ధం, సినిమాలు పెంచిన అబద్ధం.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. 1989లో ఆ చుట్టుపక్కల ఒక బడిలో పదో తరగతికి క్లాస్ టీచరును. పరీక్ష ఫీజు డబ్బు కనిపించలేదు. క్లాసు లీడరు ఏడుస్తున్నాడు. నేను తరగతిలోకి వెళ్లి ‘ఎవరైనా తీసుంటే ఇచ్చేయండి’ అన్నాను. ఎవరి వైపూ చేయి చూపలేదు, ఎవరి పేరూ అనలేదు. మూడో బెంచీలో ఒక అబ్బాయి లేచాడు. మీ ఊరివాడు. నేను ఇంకో మాట అనకముందే తన సంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. రెండు నోట్‌పుస్తకాలు, అట్ట ఊడిన సోషల్ పుస్తకం, మూత లేని పెన్ను, ఆకులో కట్టిన అన్నం. తర్వాత చొక్కా జేబు బయటికి లాగి చూపించాడు. వెళ్లి కూర్చున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. అది అతనికి అలవాటైన పని. నేను ‘ఎందుకు బాబూ, నిన్నెవరు అడిగారు’ అనాలి. అనలేదు. ఆ సంచిలోకి చూశాను. చూసి, తర్వాతి పిల్లవాడి వైపు తిరిగాను. డబ్బు మూడో రోజు దొరికింది, లీడరు చెల్లెలి పుస్తకాల మధ్య. ఆ అబ్బాయికి నేను క్షమాపణ చెప్పలేదు. పరీక్షలు రాశాడు, వెళ్లిపోయాడు.

అమెరికా సమాజశాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ 1963లో రాసినదాన్ని ముద్ర సిద్ధాంతం అని పుస్తకాల్లో చదివించాను. మనిషి చేసిన పని ఒకటి, ఆ మనిషికి మనం అంటించే పేరు మరొకటి, పేరు పడ్డాక మనిషి దానికి తగినట్టు నిలబడటం నేర్చుకుంటాడు అని. ఆ సంచి బోర్లించిన చప్పుడు విన్నాకనే అది నాకు అర్థమైంది. వాళ్ల తాత రాత్రివేళ లేచి హాజరు వేయించుకుని ఉంటాడు. మనవడు నా తరగతిలో అదే చేశాడు. రోజూ నేను పిలిచేదాన్ని కూడా హాజరే అంటాం. ఆ రోజు నుంచి ఆ పట్టీ తెరిచినప్పుడల్లా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది.

మీ అబ్బాయికి ఏమీ దాచవద్దు. బాపట్ల అని చెబుతానంటే తిట్టవద్దు కూడా. వాడి వయసుకు ఆ బరువు ఎక్కువ. ముందు కథంతా మీరే చెప్పండి, ఉప్పు మోసిన గాడిదల దగ్గర నుంచి. ఏ ఊరని చెప్పుకోవాలో ఎప్పుడు చెప్పుకోవాలో వాడు తేల్చుకుంటాడు. సారు మాత్రం తరగతిలో అన్న మాటను తరగతిలోనే సరిదిద్దాలి, మీ అబ్బాయి వైపు చూడకుండా, అతని పేరు తీయకుండా. అది అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: ముప్పై ఐదేళ్లు పోలీసు శాఖలో కానిస్టేబులుగా, హెడ్ కానిస్టేబులుగా పనిచేసి రిటైరయ్యాను. మీ రాతలు చూస్తే దొంగల మీద జాలి తప్ప దొంగతనం జరిగిన ఇంటి మీద జాలి కనిపించదు. దండం దశగుణం భవేత్ అని పెద్దలు ఊరికే అన్నారా? భయం లేకపోతే పిల్లలు మాట వింటారా?

జవాబు: అన్నగారూ, మీ కోపంలో న్యాయం ఉంది. 1998లో మా ఇంట్లో దొంగలు పడ్డారు. మా అమ్మ పుస్తెలతాడు పోయింది. పోయిన బంగారం సంగతి అటుంచండి, ఆ తర్వాత బతికిన పదకొండేళ్లూ ఆమె తలుపు గడియ మూడుసార్లు చూసుకోకుండా పడుకోలేదు. అందుకే పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడు ఒక పీరియడు పూర్తిగా దెబ్బతిన్నవారి వైపు నుంచే చెప్పాను. మీబోటివారు బడికి వచ్చి, ఫిర్యాదు రాయించడానికి వచ్చిన ముసలివాళ్లు ఎలా వణికారో చెబితే నాకంటే బాగా చెప్పగలరు. రండి, నేనే పిలుస్తున్నాను.

దండం విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. ఇటలీకి చెందిన బెకారియా 1764లోనే ఒక మాట చెప్పాడు: శిక్ష ఎంత కఠినమన్నదానికంటే, అది తప్పకుండా పడుతుందన్న నమ్మకమే మనిషిని ఆపుతుంది. మీ అనుభవం కూడా అదే చెబుతుందని నా నమ్మకం. దొంగతనానికి వెళ్లేవాడు ‘మూడేళ్లా, ఏడేళ్లా’ అని లెక్క వేసుకోడు, ‘దొరకను’ అనుకుని వెళ్తాడు. పరీక్షల్లో చిట్టీ పెట్టేవాడు కూడా అంతే. 1997లో మన రాష్ట్రం పరీక్షల అక్రమాలకు ప్రత్యేక చట్టమే చేసింది. నేను ఇన్విజిలేటరుగా ఉన్న గదుల్లో పిల్లల్ని ఆపింది ఆ చట్టంలోని జైలుశిక్ష కాదు, గదిలో ఎవరో ఒకరు నిజంగా నడుస్తూ చూడటం.

ఇంకొక మాట. దొంగ అనగానే పిల్లల కళ్లముందు చిరిగిన చొక్కా మనిషే ఎందుకు నిలబడతాడు? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కంపెనీ లెక్కలను ఏళ్ల తరబడి పెంచి చూపినట్టు తానే లేఖ రాశారు. వేల కోట్ల రూపాయల తేడా. 2015లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం ఏడేళ్ల శిక్ష వేసింది, అప్పీలులో బెయిలు వచ్చింది. దాచుకున్న డబ్బుతో ఆ షేర్లు కొన్న రిటైరైన మాస్టర్లు నాకు తెలుసు. వాళ్లలో ఎవరి ఇంటి తలుపూ ఎవరూ పగలగొట్టలేదు. ఈ ఉదాహరణ నా తరగతిలో చెప్పినప్పుడు ఒక పిల్ల, ‘మరి ఆయన ఊరిపేరు చెప్పి ఎవరూ నవ్వరెందుకు టీచర్?’ అని అడిగింది. జవాబు చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది. మీరు మా బడికి వచ్చినప్పుడు ఆ ప్రశ్నకు మీరేమంటారో వినాలని ఉంది.

ప్రశ్న: నేను ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిని. మా తొమ్మిదో తరగతి అబ్బాయి తోటి విద్యార్థి తెచ్చుకున్న సెల్‌ఫోను దొంగిలించాడు, ఒప్పుకున్నాడు, తిరిగి ఇచ్చాడు. ఫోను వాళ్ల నాన్న పోలీసు కేసు పెట్టాలంటున్నారు. మిగతా తల్లిదండ్రులు టీసీ ఇచ్చి పంపేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మాస్టారూ, ముందు చట్టం సంగతి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లవాడికి 2015 బాలల న్యాయ చట్టం వర్తిస్తుంది. దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి అది చిన్న నేరాల కిందికి వస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన 2016 నియమాల ప్రకారం, పెద్దవాళ్లతో కలిసి చేసింది కాకపోతే ఇటువంటిదానికి పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ వేయరు. స్టేషను డైరీలో రాసుకుని, అతని ఇంటి పరిస్థితుల నివేదికతో బాలల న్యాయ మండలికి పంపుతారు. స్టేషనులో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉంటారు, మాట్లాడవలసింది ఆయనతో. లాకప్పులో పెట్టకూడదు. అతని పేరు గానీ, గుర్తుపట్టేలా బడి పేరు గానీ పత్రికల్లో, ఫోను గ్రూపుల్లో రాకూడదు, 74వ సెక్షను ప్రకారం అది శిక్షించదగిన నేరం. మండలి తప్పు చేశాడని తేల్చినా ఆ మచ్చ వల్ల అతనికి రేపు ఉద్యోగానికి, చదువుకు అనర్హత రాకూడదని 24వ సెక్షను చెబుతుంది. ఫోను వాళ్ల నాన్నగారిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పండి. ఆయన కోపంలో ఉన్నారు, ఆయన కొడుకు వస్తువు పోయింది. కాబట్టి చెప్పే ముందు ఆయన చెప్పేదంతా వినండి.

పెద్దవాళ్లనే మన కొత్త చట్టం ఎలా చూస్తుందో కూడా చెప్పండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, అయిదు వేల రూపాయల లోపు విలువైన వస్తువును మొదటిసారి దొంగిలించినవాడు తిరిగి ఇచ్చేస్తే, శిక్షగా సమాజసేవ వేస్తారు. పెద్దవాడికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు పద్నాలుగేళ్లవాడికి బడి తలుపు మూసేయడం నా మనసు ఒప్పుకోదు. టీసీ ఇచ్చి పంపితే పక్క ఊరి బడికి ఆ కాగితం కంటే ముందు కబురు వెళ్తుంది. అక్కడ మొదటి పెన్సిలు పోయిన రోజున అతను లేచి సంచి బోర్లిస్తాడు.

అలాగని ఏమీ జరగనట్టు ఊరుకోవద్దు. ఫోను పోయిన అబ్బాయికి, వాళ్ల నాన్నకు ఎదురుగా ఇతను క్షమాపణ చెప్పాలి. అది మీ గదిలో, నలుగురే ఉండగా. ఫోనుకు గీత పడి ఉంటే దాని ఖర్చు ఇతని ఇంటివాళ్లు కొంచెం కొంచెంగా అయినా కట్టాలి. ఫోను ఎందుకు తీశాడో అడగండి. అడిగి ఆగండి, జవాబు మీరే అందించవద్దు. నా అనుభవంలో ఆ జవాబు నాలుగో రోజునో అయిదో రోజునో, మామూలు మాటల మధ్య వస్తుంది. బడికి ఫోను తేవడం మీ నియమాల్లో ఉందో లేదో, ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు చూసీ చూడనట్టు ఉన్నారో టీచర్లంతా కూర్చుని మాట్లాడుకోండి.

క్షమాపణ అయిన తర్వాత వచ్చే సోమవారం ముఖ్యమైన రోజు. అతన్ని మునుపు కూర్చున్న బెంచీలోనే కూర్చోబెట్టండి, ముందు వరసలోకి మార్చవద్దు. హాజరు పిలిచే టీచరుతో ముందురోజే మాట్లాడండి. అతని పేరు దగ్గర ఆగకుండా, గొంతు మార్చకుండా, తల ఎత్తి చూడకుండా, ముందు పేరునూ తర్వాత పేరునూ పిలిచినట్టే పిలవమనండి. ఆ రోజు ఎలా గడిచిందో నాకు ఒక కార్డు ముక్క రాయండి.